మావ అరగదీసిన రింగులు

ఖరగ్‌పూర్ రైల్వే డీజిల్ షెడ్డులో పని ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నాకేమీ ఉత్సాహం రాదు. హోరు, వేడి, గోళ్ల సందుల్లోంచి ఏ సబ్బుకీ వదలని నల్లనూనె. అంతే. డ్యూటీ దిగి సైకిలు తొక్కుకుంటూ పూరీ గేట్ దగ్గరున్న మా క్వార్టరుకి వచ్చేసరికి కాళ్లు నావేనా అనిపించేది. పోనీ ఇంటికొచ్చాక నడుం వాలుద్దామా అంటే అక్కడా షెడ్డు కబుర్లే. ఆ ఏడాది మా మావ కూడా డీజిల్లోకి వచ్చాడు మరి.

మావ అంటే మా అమ్మకి స్వయానా తమ్ముడు, నా భార్యకి తండ్రి. శ్రీకాకుళం పక్కనించి మీసం సరిగా రాకముందే ఖరగ్‌పూర్ వచ్చి, ఆవిరి ఇంజన్ల దగ్గర ఫిట్టరై, తల నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన బిగించిన జాయింటులోంచి ఆవిరి వాసన కూడా బయటికి రాదని మావాళ్లు చెప్పుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడితే విననట్టు నటించేవాడు కానీ, ఆ పూట అన్నం మరో ముద్ద ఎక్కువ తినేవాడు.

డెబ్బైల మొదట్లో ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే మూలకి చేరాయి. ఆ షెడ్డు వాళ్లలో కొందరిని మా డీజిల్ వైపు పంపి కొన్నాళ్లు చూస్తామన్నారు. పని పట్టుబడితే ఇక్కడే ఉంచుతారు. లేకపోతే ఆవిరి ఇంకా నడుస్తున్న ఏదో దూరపు షెడ్డుకి బదిలీ. మిగతావాళ్లకి అది బదిలీ అయితే మా ఇంటికి మాత్రం గండం. అత్తయ్యకి ఉబ్బసం. రైల్వే ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేయించుకుంటే తప్ప వానాకాలం గడిచేది కాదు. కూతురు దగ్గరుండి చూసుకోవాలని, వాళ్ల క్వార్టరు వదిలేసి మా క్వార్టరులోనే సర్దుకున్నారు. మావతో ఆవిడ ఏ ఊరూ వెళ్లే స్థితిలో లేదు. ఆయన వెళ్తే హోటలు తిండి తిని ఒక్కడూ పడుండాలి, ఈవిడ ఇక్కడ ఆయన కోసం బెంగపెట్టుకుని దగ్గుతూ ఉండాలి.

అందుకే రోజూ సైకిలు స్టాండు వేస్తుండగానే అత్తయ్య గుమ్మంలోకి వచ్చేది.

“ఏటి బాబూ, ఈయేల ఏటన్నారు? ఉంచుతారంటా?”

“ఇంకా ఏమీ తేలలేదత్తా.”

“నువ్వొక మాట సెప్పకపోయావా?”

నా మాటకి అక్కడ అంత విలువ ఉంటే నేనెందుకు ఇలా నూనె కారుతూ ఇంటికొస్తానని అనబోయి ఊరుకునేవాణ్ణి. ఆవిడ ఆయాసం చూస్తే నోరు రాదు.

మా ఫోర్‌మన్ ఊళ్లోనే ఇందా అనే పేట నుంచి వచ్చే బెంగాలీ ఆయన. అందరం దాదా అనేవాళ్లం. మంచివాడే, కాకపోతే ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవాడు. ఓవర్‌హాలుకి వచ్చిన ఒక ఇంజన్ని మా ఇద్దరికీ పంచాడు. కుడివైపు సిలిండర్లు నావి, ఎడమవైపువి మావవి. మావకి అదే పరీక్ష. అల్లుడు పక్కనుంటాడు కాబట్టి ధైర్యంగా ఉంటుందని దాదా అనుకున్నాడు కాబోలు. మావ సంగతి ఆయనకి తెలియదు. నేను పక్కనుంటే ఆయనకి ధైర్యం కాదు, రోషం వస్తుంది.

పని అయింది. ఇంజన్ని లోడ్ టెస్టుకి పెట్టాం. ఇంజను పుట్టించే కరెంటుని నీళ్ల ట్యాంకులోకి వదిలి, బండి లాగుతున్నట్టే ఇంజను మీద భారం వేస్తారు. సగం భారం దాకా ఇంజను బుద్ధిగా పాడింది. మావ నా వైపు చూసి మీసం దువ్వాడు. ఆ పైన భారం పెంచుతుంటే టర్బో ఈల అందుకుంది. పొగగొట్టంలోకి పోయే వేడిగాలితో ఒక చక్రం తిరిగి, బయటిగాలిని సిలిండర్లలోకి కుక్కుతుంది, అదే టర్బో. భారం పెరిగేకొద్దీ అది ఇంకా ఎక్కువ కుక్కుతుంది. పూర్తి భారానికి వచ్చేసరికి ఎడమవైపు నుంచి ఠంగు ఠంగుమని సుత్తిదెబ్బలు. దాదా ఆపమని చెయ్యెత్తేలోపే అటువైపు ఒక హెడ్డు, అంటే సిలిండరు మూత, జాయింటు దగ్గర పేలి బుస్సుమంది. కుడివైపు మాత్రం చెక్కుచెదరలేదు. అది చూసి సంతోషించానా అంటే లేదు. నా వైపు కూడా ఒకటి పోయుంటే బాగుండునని అనిపించింది.

తప్పెక్కడుందో చూడమని దాదా నాకే చెప్పాడు. మావ వైపు ఒక సిలిండర్లోకి సీసం తీగ ముక్క దించి, ఇంజన్ని చేత్తో ఒక చుట్టు తిప్పించాను. పిస్టను పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే ఆ తీగ అంత మందాన మిగులుతుంది. తీసి చూస్తే కాగితంలా అణిగిపోయి ఉంది. నా వైపు తీగ అలా లేదు. అప్పుడే నాకు అర్థమైంది. హెడ్డు కింద ఉండే రాగి రింగులు మావ కొత్తవి వేయలేదు.

అది ఆవిరి షెడ్డు ఆనవాయితీ. రాగి రింగు పారేయడం అంటే అక్కడి మనవాళ్లకి అన్నం పారేసినంత పాపం. పాతదాన్ని ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి మెత్తబరిచి, గాజుపలక మీద గరుకు కాగితం వేసి అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. ఎంత మెరిస్తే అంత పనోడు. ఆవిరి ఇంజను సిలిండర్లో ఖాళీ తగ్గేకొద్దీ ఆవిరి ఆదా అవుతుంది కాబట్టి, రింగు పలచబడితే అక్కడ ఎవరూ బాధపడరు. డీజిల్లో అలా కుదరదు. రింగు పలచనైతే హెడ్డు కిందికి దిగుతుంది, లోపల గాలి నలిగేది ఇంకా ఎక్కువవుతుంది. టర్బో లేని ఇంజనైతే ఎలాగో భరించేదేమో.

మావని పక్కకి తీసుకెళ్లి చెప్పాను.

“మావా, ఈ ఇంజన్లో గాలి ముందే కుక్కి పంపుతారు. దాన్ని లోపల మళ్లీ అంత గట్టిగా నలిపితే ఎలాగ? నిండిన పెట్టెలో ఇంకో దుప్పటి కుక్కి మూత మీద కూర్చున్నట్టు కాదా? అందుకే లోపల కొంచెం చోటు వదిలి కట్టారు. రెండూ ఎక్కువ పెట్టకూడదు.”

“నాను మూత ఏస్తే ఊడినాదేటి ఎప్పుడైనా?”

“ఇప్పుడు ఊడింది కదా!”

మావ ముఖం ఎర్రబడింది. “ఖాళీ ఒగ్గీసినోడు పనోడేట్రా? నా జాయింటు మీద పడిపోతన్నావు. ఆ గాలి తగ్గించీ. అది కుక్కబట్టి గదా ఈ గొడవంతా?”

“టర్బో ఒక్కటే మావా. రెండు పక్కలకీ అదే గాలి. తగ్గిస్తే నా పక్క కూడా చచ్చుబడుతుంది. ఆ ఇంజను నిండు గూడ్సుని ఏం లాగుతుంది?”

“నీ పక్క, నీ పక్క! నిన్న గాక మొన్నొచ్చినావు, నాకు సెప్తన్నావు.”

మా ఇంట్లో జరిగేదీ ఇదే. ఆయన గొంతు లేచిందంటే నేను తగ్గాలి. లేకపోతే మా ఆవిడ ఏడుస్తుంది, అత్తయ్యకి ఆయాసం వస్తుంది. తగ్గీ తగ్గీ నాకు విసుగొచ్చింది. కానీ ఇంజను దగ్గర తగ్గడానికి అది నా సొంతం కాదు. దాని వెనక బండి ఉంటుంది, ముందు డ్రైవరు ఉంటాడు. ఏ ఎత్తు మీదో అది పేలితే చూసేవాళ్లెవరు?

ఎడమవైపు హెడ్లన్నీ మళ్లీ విప్పాం. ఒక్కో హెడ్డు దూలానికి కట్టి దింపుతుంటే నడుములు విరిగిపోయాయి. కొత్త రింగులు వేసి మళ్లీ టెస్టుకి పెడితే టర్బో పూర్తిగా ఈల వేసినా సుత్తిదెబ్బ వినపడలేదు. మావ దగ్గర లేడు. బల్ల దగ్గర నిలబడి, తీసేసిన తన రింగుల్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్కోదాని అంచు మీద బొటనవేలు పోనిస్తున్నాడు. పసిపిల్ల చెంప తడిమినట్టు.

దాదా నా పక్కకి వచ్చి, వచ్చీరాని తెలుగూ హిందీ కలిపి అడిగాడు. “నీ మామ. నువ్వు చెప్పు. రేపు నేను చూడనప్పుడు మళ్లీ రుద్దుతాడా?”

ఆ ప్రశ్నకి ‘రుద్దడు’ అంటే అయిపోయేది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉండటం కళ్లముందు కనపడింది. కానీ ఆ బొటనవేలు కూడా కనపడుతోంది. ఆయన మొండితనంతో చేయడు. చెయ్యి ఊరుకోదు, అంతే.

“రుద్దుతాడు దాదా,” అన్నాను.

“తబ్? మరి ఎలా?”

“హెడ్ల దగ్గర పెట్టకండి. బ్రేకు పైపుల పని ఇవ్వండి. అక్కడ ఎంత గట్టి జాయింటు వేస్తే అంత మంచిది. ఆయన్ని మించినవాడు మీకు దొరకడు. ఊరు మాత్రం దాటించకండి. మా అత్తకి బాగోలేదు.”

దాదా కాసేపు కళ్లు నులుముకుని, “ఠీక్ హై,” అన్నాడు.

ఇంజను పనోణ్ణి తీసి, బ్రేకు పైపులుండే ఇంజను కిందికి పంపడం అంటే, పంక్తిలో వడ్డిస్తుండగా లేపి బయట కూర్చోబెట్టడమే. అది తెలిసే అడిగాను. దాదా ఆ సంగతి మావకి చెబుతూ, అల్లుడు అడగబట్టే ఉంచుతున్నానని కూడా చెప్పేశాడు. దారంతా మావ నాకంటే ముందు సైకిలు తొక్కుకుంటూ పోయాడు, వెనక్కి చూడలేదు.

ఇంట్లో పండగైంది. అత్తయ్య పీట వేసుకుని తనే వడ్డించింది. “ఉండిపోతన్నాం గదేటి! నాను సెప్పినాను గదే అమ్మా, నీ మొగుడు సూత్తాడనీసి!” అంటూ కూతురి భుజం తట్టింది. ఆవిడ నవ్వు చూసి చాలా రోజులైంది. ఆ రోజు పడ్డ శ్రమంతా అక్కడితో తీరిందనుకున్నాను.

మావ అన్నం కలుపుతూనే అన్నాడు. “ఉంచినాడు. ఇంజను కింద ఉంచినాడు. నన్నడిగుంటే ఒగ్గీమందును. ఎక్కడో దగ్గర ఇంకా ఆవిరి ఉన్నాది. పోయి నా పని నాను సేసుకుందును.”

“మరి నానేటైపోదును?” అంది అత్తయ్య. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

మావ తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఇన్నాళ్లుగా మేమందరం దేని గురించి భయపడుతున్నామో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

“అది నాకు తట్టనేదే,” అన్నాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. అబద్ధం చెప్పడం రాని మనిషి. ఆ క్షణాన వచ్చుంటే బాగుండునని మాత్రం అనుకున్నాను. అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేసి, దగ్గు వస్తోందంటూ వంటింట్లోకి వెళ్లింది. దగ్గు వినపడలేదు. మావ కలిపిన అన్నం తినకుండా అటే చూస్తూ కూర్చున్నాడు.