సెలవు పెట్టిన నర్సు

ఇప్పుడు మా ఆవిడ నా మీద అరిచేంత ఆరోగ్యంగా ఉంది కాబట్టి ఈ సంగతి ధైర్యంగా చెబుతున్నాను.

ఆమెకు క్యాన్సర్ చికిత్స జరిగిన ఏడాది, యలహంక నుంచి ఆసుపత్రికి బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. నేను వెనక సీటు నుంచే చేతి సైగలతో ఆమెను నడిపేవాణ్ణి. నీళ్ళు తాగు, కిటికీ మూయి, తలకు స్కార్ఫు సర్దుకో. ట్రాఫిక్ పోలీసుకైనా మధ్యలో విశ్రాంతి ఉంటుంది.

ఒక రోజు ఉదయం రాగి జావ సగం వదిలేసిందని అరిచాను కూడా. అప్పటికి ఆమె నాతో అనే మాటలు "ఊఁ", "వద్దు" రెండే మిగిలాయి.

ఆ రోజు బస్సులో నా పక్కనున్న పెద్దాయన నా సైగలు కాసేపు చూశాడు.

"ఆ యమ్మ మీ ఇంటామేనా అప్పా?"

అవునన్నాను. ఎందుకో, అరిచిన సంగతి కూడా చెప్పేశాను.

"భయం అప్పా అది. మా ఇంటామెకు జబ్బు చేసినప్పుడు నేనూ అట్లే అరస్తా ఉంటి. ఒగ దినం అడిగింది, 'నర్సు బాగనే చూస్తా ఉండాడు, నా మొగుడు యాడికి పోయినాడు?' అని."

నవ్వి, గాల్లో ఉన్న నా చేతిని పట్టుకుని నా ఒళ్ళో పెట్టాడు. "దీనికీ రోంత రెస్టియ్యి."

బస్సు దిగాక ఆమె అలవాటుగా నా ముఖం చూసింది. "ఇప్పుడేం మింగాలి?"

"నాకు తెలీదు. నర్సు సెలవు పెట్టాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నెలలైంది.

"స్కార్ఫు బాగుందా?" అని తనే అడిగింది.

"బాగుంది" అన్నాను. వంకరగా ఉంది. చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను.