సార్ ఇంట్ల ఉప్పునీళ్లు

...ఇంకా నమ్మబుద్ధి అయితలేదు. మా పక్కింటి ట్యూషన్ సార్ చనిపోయిండ్రు. మొన్న పొద్దున ఛాతిల నొప్పి అన్నరట, ఖమ్మం దవాఖానాకు తీస్కపోతుంటే దారిలనే అయిపోయింది. ముందురోజు సాయంత్రమే నాకు ఆప్టిక్స్ చెప్పి, "రేపు జల్దీ రా, మిగిలింది చేద్దాం" అన్నరు. ఆ ప్రాబ్లమ్ సగంలనే ఉంది.

ఇది ఎవరన్న చదివితే, సార్ గురించి ఒక్కటి తెల్వాలె. సముద్రం ఎక్కడ్నో ఉంటే, సత్తుపల్లిల ఆయన ముందుగదిల సముద్రం పెట్టుకున్నరు. గాజు ట్యాంకు, ఉప్పునీళ్లు, రెండు నారింజ చేపలు, ఒక ఫెదర్ డస్టర్ వార్మ్. మీరు చూసి ఉండరు. వేలంత లావు మెత్తటి గొట్టంల ఉండే పురుగు అది. తల మీద విసనకర్ర లెక్క ఈకల కుచ్చు. నీళ్లల్ల కొట్టుకొచ్చే సన్నటి తిండిని ఆ ఈకలతోనే పట్టుకుంటది. ఎవరన్న తలుపు గట్టిగ వేస్తే చటుక్కున లోపలికి పోతది, గొట్టం మూతి ముడుసుకుంటది.

"మెల్లగ రాండ్రి, అది మీ అందరికంటే పిరికిది" అనేటోళ్లు సార్. మల్ల నన్ను చూసి, "నీకంటే కాదులే" అని నవ్వేటోళ్లు.

మా నానమ్మ గోడ మీది నుంచి ఎక్కిరిచ్చేది. "ఏం సారూ, పురుగుకు బువ్వ పెట్టినవా?"

"అవ్ అమ్మా, నీ మనవరాలికంటే మంచిగ తింటది."

తెచ్చిన కొత్తల దాన్ని ట్యాంకుల నీళ్లు తిప్పే పంపుకు ఎదురుంగ పెట్టిండ్రు. నీళ్ల తోపుడుకు తట్టుకోలేక కుచ్చు మొత్తం రాలిపోయింది. నేను ఏడిస్తే, "దాక్కుంది బిడ్డా, సచ్చిపోలే. గొట్టం పారెయ్యకుంటే సాలు" అన్నరు. నీళ్లు మెల్లగ కదిలే మూలకు మార్చి, రెండు రాళ్ల మధ్య, గొట్టం కింది కొస ఇసుకల ఉండేటట్టు పెట్టిండ్రు. కొన్ని వారాలకు చిన్న కుచ్చు మల్ల వచ్చింది. ఆరోజు క్లాసు లేదు. అందరం కుర్చీలేసుకొని చూసినం.

మొన్న సార్‌ను కాటికి తీస్కపోయినంక ఆడోళ్లు ఇంట్ల నిల్వనీళ్లు పారబోసుడు మొదలుపెట్టిండ్రు. మైల కదా. బిందెలు, బకెట్లు, డ్రమ్ము అన్నీ అయినంక సార్ వాళ్ల అక్క ట్యాంకు దిక్కు చూసి, "ఇవి మాత్రం నీళ్లు కావా?" అన్నది. చేపల్ని ఎవరో బకెట్ల పట్టుకున్నరు. ఆ గడబిడకు కుచ్చు ఊడి నీళ్ల మీద తేలింది. పైపు పెట్టి మోరీలకు వదిలిండ్రు. సార్ సముద్రం మా గల్లీల నుంచి పారుకుంట పోయింది.

"ఈ గొట్టం ఏంది?"

"చెత్త. తీసెయ్."

"నేను పారేస్త ఆంటీ" అన్న. అడుగున మిగిలిన నీళ్లు డబ్బాల ముంచి, గొట్టం అండ్ల పెట్టి, కరెంటు పోతే సార్ పెట్టే చిన్న బ్యాటరీ గాలి పంపు చున్నీ కింద దాచి తెచ్చిన.

ఇప్పుడు అది నా టేబుల్ కింద ఉంది. రెండు రోజులాయె, కదుల్తలేదు. బతికుందో లేదో తెల్వదు. అడుగుదామంటే సార్ లేరు. చావింటి నీళ్లు ఇంట్లకు తెచ్చిన అని నానమ్మకు తెలిస్తే ఇవి కూడా మోరీలకే. ఆ పంపు సప్పుడు ఆగదు, నా భయమూ

తలుపు కొడ్తున్నది. గట్టిగ. "ఏందే లోపల ఆ బుడబుడ?"

"ఏం లే నానమ్మా, వస్తున్న!"

పంపు బంద్ చేసిన. కాగితాలు పరుపు కిందికి. మల్ల కొట్టింది. గొట్టం మూతి చటుక్కున ముడుసుకుంది.