సీడీల పెట్టె లెక్క తప్పిన సాయంత్రాలు

మొన్న మా ఇంట్లో బట్టలుతికే మిషను ఉండుండి ఆగిపోతుంటే మెకానిక్కును పిలిపించాం. ఆయన గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో అది బుద్ధిగా తిరగడం మొదలుపెట్టింది. "గిప్పటిదాంక తిరగలే అన్నా, నిన్ను జూసినంకనే తిరుగుతుంది" అని మా ఆవిడ మొత్తుకుంటున్నా, బోర్డు మార్చాలని రెండు నిమిషాల్లో తేల్చేసి బండెక్కి వెళ్లిపోయాడు. ఎందుకు ఆగుతోందో తెలుసుకుందామన్న ఆరాటం ఆయన ముఖంలో ఎంత వెతికినా కనపడలేదు. నాకు మాత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట ఉండిన ఇరానీ హోటలు గుర్తొచ్చి, అట్లాగే కూర్చుండిపోయాను.

టేపురికార్డర్లు వెనకబడి సీడీలు వచ్చిన రోజులవి. ఆ హోటలు సేటు పట్నంలో ఎవరి దగ్గరో బీరువా అంత సీడీ జూక్‌బాక్సు ఒకటి పాతది కొనుక్కొచ్చి గల్లా పక్కన నిలబెట్టాడు. బిళ్ల వేసి నంబరు నొక్కితే, అద్దం వెనక ఒక ఇనప చేయి వరసగా నిలబెట్టిన సీడీల మీదుగా జరుగుతూ పోయి, అడిగినదాన్ని పట్టుకొచ్చి పాడించేది. ఆ చేతిని చూడటానికే యాచారం, కందుకూరు వైపు వాళ్లు వచ్చిన బస్సు వదిలేసి మరీ ఇంకో చాయ్ తాగేవారు. రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు అప్పుడే పెట్టుకున్న నాకు సేటు దాని మరమ్మతు అప్పజెబితే, నేను కొన్నాళ్లు నేల మీద నడవలేదు.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. పెట్టె అప్పుడప్పుడూ ఒక పాట అడిగితే ఇంకోటి పాడేది, లేదా చేయి సగం దారిలో నిలిచిపోయేది. కబురందుకుని మర్నాడు నేను వెళ్లేసరికి ఏమీ ఎరగనట్టు పాడుతుండేది. మన కాలంలో రిపేరు పని చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, పూర్తిగా చచ్చిన మిషను కంటే చచ్చి బతికే మిషనే మనిషిని చంపుతుంది. టంకాలన్నీ మళ్లీ వేశాను, స్టెబిలైజరు పెట్టించాను, కొట్టుకు మోయించుకుపోయి రెండు రోజులు ఏకబిగిన పాడించాను, ఒక్క తప్పూ దొరకలేదు. సేటు నిలదీసిన రోజున, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీపడి, ఎవరో లోపల చెయ్యి పెడుతున్నట్టుందని ఒక మాట అనేశాను.

ఆ మాట ఎవరికి తగులుతుందో ఆలోచించలేదు. సేటు లేని వేళల్లోనే పెట్టె చెడుతోందట, అప్పుడు గల్లా చూసుకునేది చాయ్ మాస్టరు. నెలాఖరుకు ఆయన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు సేటు. ఆ మాటన్నది ఎవరో తెలియక మాస్టరు నా కొట్టుకే వచ్చాడు. "అల్లా కసం తమ్మీ, బట్టతోని తుడుసుడు తప్ప నేను ముట్టలే. గీ నౌకరీ పోతే నేనేడికి పోవాలె, జర నువ్వే సూడు" అన్నాడు. నాకు సిగ్గుతో తల పైకి లేవలేదు.

పెట్టె తప్పు చేసిన ప్రతిసారీ గోడ క్యాలెండరు మీద ఆ తేదీ పక్కన బొగ్గుతో గీత పెట్టమని మాస్టరుకు చెప్పాను. మూడు వారాల తర్వాత చూస్తే మూడు గీతలూ బేస్తవారం వరసలోనే ఉన్నాయి. వారం తెలిసే మిషను ఉంటుందా అని నాకు నిద్రపట్టలేదు. ఆ వచ్చే బేస్తవారం సేటు ఎప్పటిలాగే దర్గాకు పోయాక, పెట్టె వెనక మూత విప్పి స్టూలేసుకుని కూర్చున్నాను. పొద్దు గుంకే వేళ, దుకాణాలకు ఊదు వేసే ఫకీరు సాయిబు నిప్పుల గిన్నెతో లోపలికొచ్చి, గల్లాకు, పొయ్యికి పొగ విసిరి, పాటలపెట్టె మీద ప్రేమకొద్దీ ఇంకో నాలుగు విసుర్లు ఎక్కువే విసిరాడు. వెనకనున్న ఫ్యాను ఆ పొగనంతా లోపలికి గుంజుకుంది. చేయి సగం దారిలో ఆగిపోయింది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చేయి ఎంత దూరం జరిగిందో లెక్కపెట్టడానికి లోపల ఒక బుల్లి దీపమూ, దానికెదురుగా వెలుగును పసిగట్టే ఒక కన్నూ ఉంటాయి. అసలే దుమ్ముతో మసకబారిన ఆ కంటికి పొగ కూడా అడ్డుపడితే లెక్క తప్పేది, పొగ పోయాక మళ్లీ మామూలే. సేటు వచ్చేదాకా ఫకీరును కూర్చోబెట్టి, మళ్లీ పొగ వేయించి ఆ తతంగమంతా చూపించాకే, స్పిరిటు దూదితో కన్ను తుడిచాను. సేటు కాసేపు గడ్డం నిమురుకుని, "ఊదు బంద్ జేసుడు లేదు. గాయన వచ్చినప్పుడు పాటల డబ్బనే బంద్ వెట్టుర్రి" అని, మాస్టరు భుజం మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు ఆ హోటలు లేదు, సేటూ లేడు. పాటలు ఎవరి జేబులో వాళ్లకే ఉన్నాయి, ఎవరి చెవిలో వాళ్లకే వినిపిస్తున్నాయి, పక్కవాడు అడిగిన పాట మనమూ వినే రోజులు పోయాయి. మాస్టరు మాత్రం కిందటేడు పోయేదాకా, నేను ఎదురైనప్పుడల్లా పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి, నా నౌకరీ నిలబెట్టిన తమ్ముడని చెప్పేవాడు. ఎవరో చెయ్యి పెడుతున్నారని ఆనాడు నేనన్న మాటను సేటు ఎన్నడూ బయటపెట్టలేదు. నేను ప్రతిసారీ నవ్వి, మాస్టరు ఇప్పించిన చాయ్ తాగి వచ్చేశాను.