యంత్రాలకు సెల్యూట్ కొట్టే మహబూబ్ గారు

మా ఏలూరులో మనుషులకు నమస్కారం పెట్టేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. యంత్రాలకు సెల్యూట్ కొట్టే మనిషి మాత్రం ఒక్కరే, మహబూబ్ గారు. అదీ ప్రతి యంత్రానికీ కాదు. యుద్ధం కోసం పుట్టి, ఆ తరవాత జనంలోకి వచ్చిన యంత్రమై ఉండాలి. అలాంటిది కంటబడితే చాలు, నడిరోడ్డయినా సరే మడమలు కలిపి, ఛాతీ విరిచి, టపీమని సెల్యూట్ కొట్టేవారు. "ఇదీ నాలాగే రిటైరయిన సైనికుడండీ!" అనేవారు.

ఆయన ఇరవై ఏళ్ళు నేవీలో సోనార్ ఆపరేటరుగా పనిచేశారు. నీళ్ళలోకి శబ్దం పంపి, అది దేనికో తగిలి తిరిగొస్తే, ఆ ప్రతిధ్వనిని బట్టి కింద జలాంతర్గామి ఉందో లేదో చెప్పడం ఉద్యోగం. రిటైరయ్యాక పవర్‌పేటలో టీవీలు బాగుచేసే కొట్టు పెట్టారు. కొట్లో కన్నా బయటే ఎక్కువ కనబడేవారు.

ఒకసారి తాడేపల్లిగూడెంలో ఆయన మేనల్లుడు అల్తాఫ్ బేకరీకి ఇద్దరం వెళ్ళాం. అల్తాఫ్ కొత్తగా మైక్రోవేవ్ కొన్నాడు. కర్రీపఫ్ లోపల పెట్టి మీట నొక్కగానే మహబూబ్ గారు లేచి నిలబడ్డారు.

"రాడారండీ ఇది! శత్రువిమానాల్ని వెతికే పని చేస్తుంటే, పక్కన నిలబడ్డ ఇంజనీరు జేబులో చాక్లెట్ కరిగిపోయిందిట. అలా పుట్టింది!"

"మామూ, పఫ్ చల్లారిపోతోంది," అన్నాడు అల్తాఫ్.

"చల్లారనీరా. అంత యుద్ధం చేసొచ్చిన మనిషి మన పఫ్ వేడి చేస్తున్నాడు. ఆయన ముందు కూర్చుని తింటామా?"

నిలబడే తిన్నారు. ఆయన్ని చూసి, ఎందుకో ఏమిటో తెలీకపోయినా, బేకరీలో ఉన్నవాళ్ళంతా నిలబడే తిన్నారు.

రెండువేల ఆరులో సర్కారు కొల్లేటి చేపల చెరువుల గట్లు కొట్టేయిస్తున్నప్పుడు మాత్రం ఈ అలవాటు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. సర్వేవాళ్ళు జీపీఎస్ పట్టుకుని గట్టు మీద తిరుగుతున్నారు. చేపల రైతులు కోపంతో కుతకుతలాడుతున్నారు. ఈయన వెళ్ళి సరిగ్గా వాళ్ళ మధ్యన నిలబడి ఆ పెట్టెకు సెల్యూట్ కొట్టారు.

"ఏంటండీ సాయిబుగారూ, మా చెరువు పోతుంటే దండాలు పెడతన్నారు?" అని కనకరాజు అనే రైతు మీదికొచ్చాడు.

"మీ చెరువుకు కాదండీ, ఈ పరికరానికి. బాంబు సరిగ్గా ఎక్కడ పడాలో చెప్పడానికి పుట్టిందండీ ఇది. ఇవాళ గట్టు ఎక్కడిదాకా ఉండాలో చెబుతోంది!"

"మాకు రెండూ ఒకటేనండీ!" అన్నాడు కనకరాజు. అంత గొడవలోనూ అందరూ ఫక్కున నవ్వారు. ఆ నవ్వు చల్లారేలోగా నేను ఆయన్ని స్కూటరెక్కించి తీసుకొచ్చేశాను.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ! నా పేరు శ్రీహరి. శేషగిరిరావు గారనే గుండె డాక్టరు దగ్గర టెక్నీషియన్ని. ఆ ఏడాదే మా దగ్గరికి రంగుల్లో చూపించే కొత్త ఎకో మిషను వచ్చింది. ఛాతీ మీద ఒక చిన్న పరికరం ఆనిస్తే, మన చెవికి అందని శబ్దం లోపలికి వెళ్ళి, గుండెకు తగిలి, తిరిగొచ్చి తెర మీద బొమ్మవుతుంది. అంటే ఏమిటన్నమాట? సోనార్!

మహబూబ్ గారికి ఇక ఇల్లు, కొట్టు అక్కర్లేకపోయాయి. ఆ మిషనుకు రోజూ పొద్దున్నే వచ్చి సెల్యూట్ కొట్టేవారు. కొల్లేటి లంకల నుంచి వచ్చి, ఆ వైర్లన్నీ చూసి బిక్కచచ్చిపోయే పేషెంట్లుండేవారు. వాళ్ళ కన్నా ముందు తనే చొక్కా విప్పి బల్లెక్కేసేవారు. "ముందు నన్ను పెట్టండి డాక్టరుగారూ!"

పెట్టడమే తరవాయి, చక్కిలిగింతలు! చల్లటి జెల్లు పూయగానే మెలికలు తిరిగిపోయేవారు. "అయ్యబాబోయ్, వద్దండీ, చాలండీ!" అని బల్ల దడదడలాడేలా నవ్వేవారు. పేషెంట్లూ నవ్వేవారు. ఈయన దిగగానే మారుమాట్లాడకుండా ఎక్కేవారు. రోజుకు నలుగురి చొప్పున ఈ తతంగంతో నా భోజనం మూడింటికి పడిపోయింది. ఓ రోజు డాక్టరుగారితో మొర పెట్టుకున్నాను.

"సార్, ఆయన గుండె ఇప్పటికి నూరుసార్లు చూశాం. ఉక్కులా ఉంది. ఇంకెందుకండీ?"

"ఉండనివ్వవయ్యా, పెద్దాయన సరదా," అన్నారు డాక్టరుగారు.

మాణిక్యం దగ్గర మాత్రం ఆ సరదా పనిచెయ్యలేదు.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. చేపలమ్ముకునే మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండేళ్ళ కిందట ఆమె మొగుడు వరదానాన్ని ఏదో పెద్దాసుపత్రిలో స్కానింగు గదిలోకి తీసుకెళ్ళారు. అప్పటికే రోగం ముదిరిపోయింది. శవమై బయటికొచ్చాడు. అందుకని మా గుమ్మం దగ్గరే చతికిలబడింది. మహబూబ్ గారు ఎంత మెలికలు తిరిగి నవ్వినా ఆమె మొహంలో కదలిక లేదు.

"మిషను కిందికెళ్ళినోడు మళ్ళీ నాతో మాట్టాడలేదండీ. నేనెళ్ళనండి. నాకు ఇద్దరు పిల్లలండి."

మహబూబ్ గారు నవ్వు ఆపేశారు. జెల్లు తుడుచుకుని వచ్చి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నారు.

"నేనూ ఒకసారి భయపడ్డానమ్మా. డెబ్బై ఒకటి యుద్ధంలో, ఓడ మీద. నేను పంపిన శబ్దం కింద దేనికో తగిలి తిరిగొచ్చింది. పైవాళ్ళకు చెప్పాను. బాంబులు వేశారు. మళ్ళీ శబ్దం పంపాను. ఏదీ తిరిగి రాలేదు."

"కింద మనుషులున్నారాండీ?"

"తెలీదమ్మా. మనుషులో, చేపల గుంపో ఇప్పటికీ తెలీదు. అదే శబ్దం ఈ మిషనులోనూ ఉంది. కానీ ఇక్కడ అది తిరిగొచ్చి 'మనిషి బతికే ఉంది, ఇదిగో ఇక్కడ నొప్పి' అని చెబుతోంది. ఇన్నేళ్ళొచ్చినా నాకింకా ఆశ్చర్యంగానే ఉందమ్మా. ఒక్కసారి చూడు. నీ చెయ్యి నేను పట్టుకుంటాను."

మాణిక్యం ఆయన చెయ్యి పట్టుకుంది. లేచింది.

తెర మీద ఆమె గుండె కనబడింది. ఎరుపూ నీలమూ రంగుల్లో నెత్తురు ఉరకలేస్తోంది. ఒకచోట కవాటం సరిగ్గా తెరుచుకోక, ఆ సన్నటి సందులోంచి ఎగజిమ్ముతోంది. స్పీకర్లోంచి బుస్సు బుస్సుమని చప్పుడు. రోజూ చూసే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. మాణిక్యం తల తిప్పి, "అది నేనేనాండీ?" అంది.

ఆ సాయంత్రం మహబూబ్ గారి భార్య జహీరా గారు బీపీ చూపించుకోడానికి వచ్చారు. "మీ ఆయన చక్కిలిగింతలతో మా బల్ల విరిగేలా ఉందండీ," అన్నాను.

ఆవిడ వింతగా చూశారు. "ఆయనకు చక్కిలిగింతలేంటి బాబూ! పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. మనవలు నలుగురూ మీదపడి గిలిపెట్టినా రాయిలా కూర్చునే మనిషండీ."

బీపీ పట్టీ పట్టుకునే ఖాళీగా ఉన్న ఆ బల్ల వైపు చూశాను. మర్నాటి నుంచి నా భోజనం మూడింటికైనా నోరెత్తలేదు.

డాక్టరుగారు మాణిక్యాన్ని విజయవాడ పంపారు. అక్కడ ఛాతీ కొయ్యలేదు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాని కొసనున్న బుడగను ఊది, మూసుకుపోతున్న కవాటాన్ని తెరిచారు. నాలుగోరోజుకు ఇంటికొచ్చింది. నెల తిరిగాక, ఒక ఆదివారం మహబూబ్ గారినీ నన్నూ తన దోనెలో లంకకు తీసుకెళ్ళింది. గడ వేసింది ఆమే. ఆయాసమన్నది లేదు.

చర్చి అరుగు మీద ఆడవాళ్ళంతా చేరారు. "తొడలోంచి గుండెల్లోకి బుడగెట్టారే!" అని మాణిక్యం చేతులు తిప్పుతూ చెబుతోంది. ఒక్కరూ నమ్మడం లేదు.

"నిజమేనాండీ సాయిబుగారూ?" అని ఒక ముసలామె అడిగింది.

మహబూబ్ గారు దీనికీ ఏదో యుద్ధం కథ చెబుతారనుకున్నాను. ఆయన మాణిక్యాన్ని ఎగాదిగా చూసి మెల్లగా అన్నారు. "నిజమేనండీ. నాక్కూడా నమ్మకం కుదరడం లేదు."

సోమవారం పొద్దున్నే మా సెంటరు ముందు ట్రక్కాటో ఆగింది. అందులోంచి పదకొండు మంది ఆడవాళ్ళు దిగారు. చివర్న ఎవరిదో చంటిపిల్లను చంకనేసుకుని, చేతిలో నాలుగు గిన్నెల కేరియరుతో మహబూబ్ గారు దిగారు.

డాక్టరుగారు గుమ్మంలోకొచ్చి నోరు తెరిచారు. "ఏంటండీ మహబూబ్ గారూ, ఇంతమందా!"

"తొందరేం లేదండీ డాక్టరుగారూ," అన్నారాయన తాపీగా. "మీ ఇద్దరికీ కూడా భోజనాలు తెచ్చాం."