చైనా జ్ఞానం, వరంగల్ జంపఖానా

పదిహేను రోజుల కిందట ఓ పొద్దున చాయ్ వడగడుతుంటే కబురొచ్చింది, పక్కింటి జంపఖానాల అన్న పోయాడని. ఏడ్చాను. మధ్యలో నవ్వొచ్చింది. ఎందుకో చెప్పకపోతే మీరు నన్ను తప్పుపడతారు. చెప్పాలని నాకూ ఆత్రంగానే ఉంది.

అన్నకు ముందు దుకాణం, వెనక నాలుగు మగ్గాలు. రెండేళ్ల కిందట సరిగ్గా ఎదురుగా మూడంతస్తుల షోరూమ్ లేచింది. మిషన్ జంపఖానాలు, సగం ధర. నువ్వూ తగ్గించమన్నారు అందరూ. తగ్గిస్తే నేతగాళ్ల కూలి కోయాలి, లేదంటే మగ్గాలు ఆపాలి. ఆ మగ్గాల మీద నాలుగు ఇళ్లు బతుకుతున్నాయి.

అప్పుడే ఆయన కాజీపేట స్టేషన్‌లో ఒక పుస్తకం కొన్నాడు. పాత చైనా తత్వంతో నేటి వ్యాపారం నడపడం ఎలాగో అందులో ఉందట. కుండలో పనికొచ్చేది మట్టి కాదు, లోపలి ఖాళీయేనన్న ముక్క ఆయన తలకెక్కింది. మర్నాడే సరుకంతా అటకెక్కించి, గోడకు ఒకే ఒక్క జంపఖానా వేలాడదీసి, ఊడ్చిన నేలను చూస్తూ కూర్చున్నాడు.

వచ్చినవాళ్లంతా ఒకటే ప్రశ్న. "దుకాణం ఎత్తేస్తున్నవా అన్నా? ఉన్నయి అగ్గువకిస్తవా?"

నేనూ వెళ్లాను. "చైనోళ్లు మొత్తం ఊడ్చుకపోయిన్రా అన్నా?"

"జర ఓపిక పట్టు చెల్లె. ఖాళీ ఉంటే ఏదో ఒకటి వచ్చి కూసుంటది."

"కూసుంటయి. ఈగలు."

"రానీ. ఏదొస్తదో చూసినంకనే ఏం చెయ్యాల్నో తెలుస్తది."

ముప్పై ఏళ్లు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినదాన్ని, ఊరుకుంటానా. మా అత్తగారి నాటి పెద్ద జంపఖానాను, ఎలుకలు కొరికినదాన్ని, మోసుకొచ్చి ఆయన ఖాళీలో పరిచాను. "మా ఇంట్ల దీన్ని విప్పే జాగ లేదు. నీ దగ్గర మస్తుగున్నది."

ఆయన దాని చుట్టూ తిరిగాడు. చిరుగు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పెద్ద నేతగాణ్ని పిలిచాడు. "అతుకు పడతదా?"

"అతుకెందుకు సేటు, పోగు పట్టి మళ్ల నేస్త."

అంతే. చిరుగు జాడ కనపడకుండా నేశాడు, ఆ మాట పాకింది. నెల తిరగకుండానే హనుమకొండ నుంచి, పరకాల నుంచి పాత జంపఖానాలు ఆటోలెక్కి వచ్చాయి. షోరూమ్‌కు ఆ పని చేతకాదు. చివరికి అక్కడి ఓనరే తాను అమ్మినవి చిరిగితే ఇటు పంపసాగాడు. అన్న ధర తగ్గించలేదు, కూలి కోయలేదు, ఎవరితోనూ తగవు పడలేదు. నాలుగు మగ్గాలూ ఆడాయి. ఇన్నేళ్లు నేను చెప్పిన పాఠాల్లో ఇంత పసందైన గెలుపు ఒక్కటీ లేదు.

"పుస్తకంల ఉన్నట్టే అయింది చెల్లె" అని మురిసిపోయేవాడు.

"పుస్తకంల ఎలుకలున్నయా?"

"ఎలుకల్ని తెచ్చెటందుకు నువ్వున్నవ్ గద."

దినాలు అయిపోయాయి. ఈ పొద్దున అన్న కోడలు దుకాణం తెరిచి, వెనక నిశ్శబ్దంగా ఉన్న మగ్గాల వైపు చూసి అడిగింది: "పెద్దమ్మా, మామయ్య లేకుంట ఇవి నడుస్తయా? అమ్మెయ్యమంటున్నరు అందరు." నేను చీపురందుకుని ముందు నేల ఊడ్చాను.

ఇంతలో ఆటో ఆగింది. ఎవరో భార్యాభర్తలు ఒక పాత జంపఖానా చుట్ట దించి, నేలంతా పరిచారు. పెద్ద నేతగాడు వెనక నుంచి వచ్చి, కళ్లు తుడుచుకుని, దాని పక్కన కూర్చున్నాడు. వెలిసిన ఎరుపు మీద కొత్త పోగొకటి ఆనించి, రంగు కలుస్తుందో లేదోనని గుమ్మంలోని వెలుతురుకు ఎత్తి చూశాడు.