వర్తూరులో నేను పడగొట్టించిన గోడ

క్యాంపు ఎలా జరిగిందని కనిపించిన వాళ్ళంతా అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇప్పుడే చెప్పేస్తాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఎవరినీ పోలీసులు పట్టుకుపోలేదు. ఈ మాట ముందే ఎందుకంటే, ఆ రోజు మధ్యాహ్నం నాకు రెండూ జరిగేలాగే అనిపించాయి.

పోయినేడాది నేను పోర్చుగల్‌ వెళ్ళొచ్చిన సంగతి మీకు తెలుసు. తెలియకపోవడానికి నేను చెప్పకుండా ఎవరిని వదిలాను కనక. నాలుగు దేశాల వాళ్ళు ఒక ఊళ్ళో కలిసి ఉండి, వండుకు తిని, ఆ ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చేసిపెట్టే వర్క్ క్యాంపు అది. మేం కొండ మీది పల్లెలో రాళ్ళు పరిచి నడకదారి వేశాం. అక్కడి క్యాంపు లీడరు ఒక పెద్దావిడ. గొంతు పెంచేది కాదు, చెయ్యి చూపిస్తే చాలు, పని అయిపోయేది. అప్పటినుంచి నాకు ఒకటే పిచ్చి, నేనూ అలా లీడర్ని కావాలని. ఈ ఏడాది ఆ క్యాంపులు పెట్టే సంస్థ వాళ్ళు "బెంగళూరులో పెడుతున్నాం, నడిపిస్తావా" అని అడిగితే, ఏం పని అని కూడా అడక్కుండా సరే అన్నాను.

పని వర్తూరులో. ఒక గవర్నమెంటు స్కూలు వెనక వాడకుండా వదిలేసిన పాత టాయిలెట్ గది ఉంది. దాన్ని పడగొట్టి, అక్కడ పిల్లలకి చేతులు కడుక్కునే కుళాయిల గట్టు కట్టాలి. హెడ్‌మాస్టర్ ముందు రోజే నన్ను తీసుకెళ్ళి చూపించాడు. స్కూలు కాంపౌండు వెనక వైపు ఎప్పుడో కూలిపోయింది. అక్కడ పక్కపక్కనే రెండు గదులు, రెండింటికీ రేకుల కప్పు, రెండింటికీ సిమెంటు పూత లేని ఇటుక గోడలు. వెనకనుంచి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. "ఎడమది మనది. కుడివైపుది మునెమ్మది, ఆవుని కట్టేసుకుంటుంది" అన్నాడు. ఎడమ, కుడి. ఇంతే నేను గుర్తుపెట్టుకోవాల్సింది.

గుర్తుపెట్టుకున్నాను కూడా. అదీ నా బాధ.

మర్నాడు పొద్దున గ్లవ్స్, హెల్మెట్లు అన్నీ పంచి సిద్ధం చేశాను. క్యాంపు కోసం ఆఫీసుకి లీవు పెట్టాను గానీ, ఆ వారమే మా యాప్ కొత్త వెర్షన్ రిలీజు. మేనేజర్ "పది నిమిషాలు కాల్‌లో ఉండు వనజా, చాలు" అన్నాడు. వద్దని చెప్పే ధైర్యం లేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దానిమీద జుట్టు కప్పుకుని, ఒక చెవితో ఆఫీసు, ఇంకో చెవితో క్యాంపు నడుపుతున్నాను. క్యాంపులో లూకాస్ అని జర్మనీ కుర్రాడున్నాడు, ద్వారబంధంలో పట్టనంత మనిషి. వాడు సుత్తి భుజాన వేసుకొచ్చి నా ముందు నిలబడి, "లెఫ్టా, రైటా?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే చెవిలో మేనేజర్, "పేమెంట్ బటన్ రైట్‌లో ఉండాలన్నాం కదా, కరెక్టేనా?" అన్నాడు.

"రైట్, రైట్. గో అహెడ్" అన్నాను.

లూకాస్ తలూపాడు. నేనూ తలూపాను. సిగ్నల్ సరిగ్గా లేదని స్కూలు ముందువైపుకి వెళ్ళి బటన్ రంగు గురించి మాట్లాడుతూ నిలబడ్డాను. వెనకనుంచి దబదబమని చప్పుడు వినిపిస్తుంటే, ఎంత క్రమశిక్షణగా పనిచేస్తున్నారో అని మురిసిపోయాను కూడా. పది నిమిషాల కాల్ ఎంతసేపు సాగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

తిరిగి వెనక్కి వచ్చేసరికి ఎడమగది నిక్షేపంగా ఉంది. కుడిగదికి వెనక గోడ లేదు. అది సిమెంటు లేకుండా మట్టి పెట్టి కట్టిన ఇటుక గోడ, లూకాస్ చేతికి ఎంతసేపు ఆగుతుంది. రేకులు కర్రస్తంభాల మీద ఆనుకుని ఉన్నాయి కాబట్టి కప్పు నిలబడింది. లోపల ఎండుగడ్డి, నీళ్ళతొట్టి, గుంజకి తెగిన పలుపు. ఆవు లేదు.

"లోపల ఏదో జంతువు ఉన్నట్టుంది. గోడ పడగానే మమ్మల్ని తోసుకుని వెళ్ళిపోయింది. నీకు తెలుసనుకున్నాం" అంది హారుకో. జపాన్‌నుంచి వచ్చిన అమ్మాయి, చాలా మర్యాదస్థురాలు. ఆ మాట కూడా క్షమించమన్నట్టే అంది.

"వాల్ పడిపోయింది, మొత్తం వాల్ పోయింది" అని పైకే అనేశాను. కాల్ ఇంకా కట్ కాలేదు, మ్యూట్‌లోనూ లేను.

"ఏంటి, ఫైర్‌వాలా?" అన్నాడు మేనేజర్. వెంటనే నలుగురు ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు, ఎవరో సర్వర్ టీమ్‌ని లైన్లోకి లాగుతున్నారు. నేను ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాను. అక్కడ రాజుకున్న మంట గురించి ఆలోచించే స్థితిలో లేను.

అంతలోనే మునెమ్మ వచ్చింది. డెయిరీ పాలు ఇళ్ళకి పోసి, ఖాళీ క్యానుతో గబగబా నడుచుకుంటూ వచ్చి, గోడ ఉండాల్సిన చోట ఆగిపోయింది. తిడుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. తిట్టలేదు. క్యాను కింద పెట్టి, ఇటుకల కుప్ప మీద కూచుంది.

"నా గౌరి యాడ ఉండాది?" అంది.

"వెతుకుతున్నామమ్మా. తప్పు నాదే, నేను ఫోన్‌లో అన్న మాట విని ఈ గోడ కొట్టేశారు. దొరుకుతుంది, మీరు కంగారు పడకండి."

"అది నిండుచూలు తల్లీ. నొప్పులు మొదలైనట్టుండాదనే బేగ బేగ పాలు పోసి వచ్చినా. ఈ పొద్దు ఈనేస్తాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మెయిన్ రోడ్డు మీదికి గాని పోయినాదంటే..."

వర్తూరు మెయిన్ రోడ్డు మీరు చూశారుగా. టెక్ పార్కుల బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు, మనిషే దాటలేడు. నొప్పులు పడుతున్న ఆవు ఏం దాటుతుంది? అందరినీ దిక్కుకొకరిగా పంపించాను. లూకాస్ చెరువు వైపు పరిగెత్తాడు. నేనూ మునెమ్మా హారుకో మెయిన్ రోడ్డుకి వెళ్ళాం.

రోడ్డు మీద ఎక్కడో బ్రేకు వేసిన చప్పుడు వినబడ్డప్పుడల్లా మునెమ్మ నా చెయ్యి పట్టుకునేది. అంతలోనే ఎవరి చెయ్యో గుర్తొచ్చి వదిలేసేది. టీకొట్టతన్ని అడిగాం, పంక్చర్ షాపతన్ని అడిగాం. ఆవుని చూశారా అంటే, ఏ ఆవు అంటారు. ఆ రోడ్డులో ఆవులకి తక్కువా? "ఎర్రావు, నొసట తెల్లచుక్క" అని మునెమ్మ తన నొసటి మీద వేలు పెట్టి చూపించింది. ఒక చోట జనం గుంపుగా నిలబడి కిందకి చూస్తున్నారు. నేను ముందుకి వెళ్ళలేకపోయాను. మునెమ్మే తోసుకుని వెళ్ళి చూసింది. స్కూటర్ మీంచి జారిన కోడిగుడ్ల అట్టలు. ఆ రోజు నేను కోడిగుడ్లకి దణ్ణం పెట్టుకున్నాను.

చివరికి కనిపెట్టింది హారుకో. కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంటు ముందు నిలబడి, సెల్లార్ పార్కింగులోకి దిగే వాలుదారి మీద పచ్చిపేడ చూపించింది. లోపల మలుపు తిరిగితే, రెండు కార్ల మధ్య గౌరి పడుకుని రొప్పుతోంది. పక్కనే వాచ్‌మన్ ఫోన్ పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు.

"ఇది మీదేనా మేడం? ఏ ఫ్లాటుకి వచ్చిందని ఎంట్రీ చెయ్యాలి?" అన్నాడు.

మునెమ్మ అతన్ని పక్కకి నెట్టి మోకాళ్ళ మీద కూలబడింది. దూడ కాళ్ళు అప్పటికే బయటికి కనిపిస్తున్నాయి. ఒక్కసారిగా ఆవిడ వేరే మనిషైపోయింది. "నీళ్ళు పట్రా. ఆ మూలనుండే గోనెసంచి పరుచు. ఆ దుబ్బోణ్ణి పిలిపించు, బలం గావాల." దుబ్బోడంటే లూకాస్. హారుకో ఫోన్ చేసింది. వాడు చెరువు దగ్గర్నుంచి అలాగే పరిగెత్తుకుని వచ్చాడు. వాళ్ళిద్దరికీ ఒక్క భాష కలవదు. మునెమ్మ "లాగు" అంటే లాగాడు, "సుమ్నే ఉండు" అంటే ఆగాడు. నేను మధ్యలో ఇంగ్లీషులోకి మార్చి చెప్పబోతే, "నువ్వు మాట్లాడొద్దు తల్లీ, నువ్వు మాట్లాడితే ఏమైతాదో చూసినా" అంది.

గౌరి ఒకసారి పెద్దగా అరిచి తల వాల్చేసింది. మునెమ్మ మొహం పాలిపోయింది. ఆ క్షణంలో నేను మనసులో ఏ దేవుడికీ మొక్కుకోలేదు, క్యాంపూ ఉద్యోగమూ ఏవీ గుర్తుకు రాలేదు. ఈ ఆవుకేమైనా అయితే ఈ మనిషికి నా మొహం ఎలా చూపించాలి, అంతే. మునెమ్మ ఆవు చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. గౌరి మళ్ళీ ముక్కింది. లూకాస్ లాగాడు. దూడ జారి వాడి ఒళ్ళో పడింది, వాడు వెనక్కి పడ్డాడు.

దూడ కదల్లేదు. మునెమ్మ దాని ముక్కులో వేలు పెట్టి తీసి, గోనెసంచితో ఒళ్ళంతా రుద్దింది. దూడ తుమ్మింది.

నేను ఏడ్చేశాను. వాచ్‌మన్ కూడా. అప్పుడే లిఫ్టులోంచి అపార్ట్‌మెంటు సెక్రటరీ దిగాడు. ఆవునీ, దూడనీ, రక్తం మరకలతో ఉన్న జర్మనీ కుర్రాణ్ణీ చూసి, "ఇది విజిటర్స్ పార్కింగ్" అన్నాడు.

"ఇప్పుడే వచ్చినాది సామీ, రాంగానే పొమ్మంటావా?" అంది మునెమ్మ దూడని చూపించి. ఆయన పైకి వెళ్ళి పాత దుప్పటి పంపించాడు.

నష్టపరిహారం గురించి నేను నసుగుతుంటే మునెమ్మ వినిపించుకోలేదు. "నాకు డబ్బొద్దు. బాలెంత ఆవు, చలిలో ఉండకూడదు. సాయంత్రానికి గోడ గావాల" అంది. సాయంత్రానికి టార్పాలిన్ కట్టాం. మర్నాటినుంచి గోడ మొదలుపెట్టాం. వెనక గోడ సిమెంటుతో కడితే పక్క గోడలు దాని ముందు తేలిపోయాయి, అవీ కట్టాం. గచ్చు వేశాం. పేడనీళ్ళు పోయేందుకు కాలవ తీశాం. క్యాంపు రోజులు అక్కడే అయిపోయాయి. స్కూలు టాయిలెట్ గదికి ఒక్క ఇటుక కూడా ఊడలేదు. హెడ్‌మాస్టర్ రోజూ వచ్చి, మేం కొట్టానికి సున్నం వేస్తుంటే చూసి, ఏమీ అనకుండా వెళ్ళేవాడు. ఆయన ఏమైనా అనుంటే బావుండేది. ఆఫీసులో ఫైర్‌వాల్ సంగతి కూడా అడక్కండి. ఆ రోజు రిలీజు ఆగిపోయింది, దానికి కారణం ఆవు అని నేను ఇప్పటివరకూ చెప్పలేదు.

ఆఖరి రోజు మునెమ్మ, పక్కింటి ఫ్రిజ్జులో దాచిన ముర్రుపాలతో అందరికీ జున్ను చేసి తెచ్చింది. లూకాస్ మూడోసారి పెట్టించుకున్నాడు. నాకు పెడుతూ, "దూడకి పేరు పెట్టినా, చూస్తువు రా" అని కొట్టంలోకి తీసుకెళ్ళింది. ఆడదూడ. మేం కట్టిన కొత్త గోడని తలతో కుమ్ముతోంది.

"ఆడదూడ కదా, లక్ష్మి అని పెట్టారా?" అన్నాను.

"వనజ" అంది మునెమ్మ. "పుట్టినకాణ్ణించీ గోడ కనబడితే చాలు, పడగొట్టాలనే చూస్తాది. ఇంకేం పేరు పెట్టేది?"

వచ్చేస్తుంటే వీధి మలుపు దాకా ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. "ఏయ్ వనజా, గోడ జోలికి పోవద్దని చెప్పినానా లేదా." రెండుసార్లు వెనక్కి తిరిగి "సరేనమ్మా" అన్నాను.