మహారాణిగారి ప్రేమలో దర్జీ వంతు

"ఇంతవరకూ ఎంతమందిని ప్రేమించారండీ?" అని అడిగాడు పత్రికాయన, ఏ మొహమాటమూ లేకుండా.

మహారాణి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"రిహార్సల్స్ కలిపి చెప్పమంటారా, కలపకుండానా?"

ఆ సమయానికి దర్జీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని గౌను అంచుకి గుండుసూదులు గుచ్చుతున్నాడు. నోట్లో ఇంకా కొన్ని సూదులున్నాయి. ఆ జవాబుకి వాటిలో ఒకటి గొంతుదాకా వెళ్ళి వచ్చింది. కలిపి లెక్కపెట్టినా, కలపకుండా లెక్కపెట్టినా అందులో తను లేడు. ఆ థియేటర్లో అతనికున్న బాధల్లా అదొక్కటే.

మహారాణి నిజంగా మహారాణి కాదు. ఆవిడ నెత్తిమీద కిరీటం తప్ప మరొకటి చూడటానికి జనం ఒప్పుకోకపోవడం వల్ల, నాటకాల్లో రాణి వేషాలు వేసీ వేసీ ఆ పేరే ఖాయమైపోయింది. వయసు అరవై దాటింది. ఆవిడ లెక్కలో అది ఎప్పుడో నలభై ఆరు దగ్గర కాలు నొప్పెట్టి ఆగిపోయింది. ఆవిడకున్న అలవాటు ఒక్కటే, ప్రేమలో పడటం. మనకి జలుబు చేసినట్టు ఆవిడకి ప్రేమ చేసేది. సీజను మారినప్పుడల్లా, నలుగురికీ వినబడేటట్టు.

వయసు మీదపడ్డ ఆడవాళ్ళు హుందాగా ఉండాలని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులే ఆవిడ నాటకాలకి మొదటి వరుస టిక్కెట్లు కొనేవారు. హుందాగా ఉండే ఆడవాళ్ళని చూడ్డానికి టిక్కెట్టెందుకు, ఇంట్లో కూర్చుంటే సరిపోయె!

ఆ ప్రేమకి ఒక పద్ధతుంది. ముందు నడవాలో ఒక నిట్టూర్పు. మేకప్ గది తలుపు మూసి ఉన్నా, టిక్కెట్ల కిటికీ దాకా వినిపించే నిట్టూర్పు అది. తర్వాత కాంటీన్లో టీ కప్పు చేజారిపోవడం. కప్పు ఎప్పుడూ ఖాళీదే. ఆ తర్వాత ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క. కుడికంటితో ఆవిడ ఎన్నడూ ఏడవలేదు. సింహాసనం వేసే తీరులో ఆ కన్ను జనానికి కనబడదు, కనబడని కంటికి శ్రమ ఎందుకని.

ఇవన్నీ నడవాలోకి రావడానికి ముందు దర్జీ గదిలో తయారయ్యేవి. కారణం చాలా మామూలుది. తలనించి పాదాలదాకా కనిపించే నిలువుటద్దం థియేటర్ మొత్తానికి అక్కడే ఉంది.

"దర్జీ! ఈ నిట్టూర్పు బాగుందా, ఇందాకటిదా?"

"ఇందాకటిదేనండీ."

"ఇందాకటిది నిట్టూర్పు కాదయ్యా, మెట్లెక్కొచ్చిన ఆయాసం."

ఇలా ఇంకెవరికోసమో తయారయ్యే ప్రేమనంతా మొట్టమొదట వినేవాడు దర్జీ. 'నువ్వు లేని రాత్రి నాకు రాత్రి కాదు' అని అద్దంతో అనేది. అద్దం పక్కన ఇతను కాజాలు కుడుతూ ఉండేవాడు. ఆ మాటలకి తగిన మొహం తనకి లేదా? జుట్టు కాస్త పలచబడింది, నిజమే. పెళ్ళి కాలేదు, అది ప్రేమకి అడ్డమేమీ కాదు. మరి ఇన్నేళ్ళలో ఒక్క సీజను, కనీసం వానలు పడి జనం రాని సీజనైనా, తన వంతు రాదేం?

వచ్చినవాళ్ళు పోనీ మన్మథులా అంటే అదీ కాదు. ముందు పళ్ళు రెండు ఊడిన బాకా వాయించేవాడు. చెయ్యి వణికి, రాజమహలు తెర రాస్తే వరదొచ్చిన ఊరులా కనిపించే పెయింటరు. తెరచాటు నుంచి నటులకి మాటలందించే ప్రాంప్టరు సంగతి సరేసరి. ఆయనకి చెవుడు. హీరో "ఏంటి?" అని అడిగితే ఆయనా "ఏంటి?" అనేవాడు. ఆ సంభాషణ రెండో అంకం దాకా సాగేది.

"ఆ బోసినోటివాడిలో ఏం చూసిందే అక్కా?" అని దర్జీ ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని వాపోయేవాడు.

"నీలో ఏం చూడాల్రా మరి?" అనేది అక్క.

"నేను ఆవిడ గౌనులు కుడతాను!"

"గౌను చూస్తుంది. నిన్నెందుకు చూస్తుంది? తిను, చల్లారిపోతోంది."

అసూయపడ్డ డబ్బున్నవాడు కోర్టుకెక్కుతాడు. అసూయపడ్డ దర్జీ ప్యాంటు బిగిస్తాడు. సీజను మొదట్లో అందరికీ కొత్త కోటూ ప్యాంటూ కుట్టివ్వడం ఆ థియేటర్లో ఆచారం. మహారాణి ఎవరిని చూసి నిట్టూర్చిందో వాడి నడుం కొలతలో రెండు వేళ్ళు మాయమైపోయేవి. బాకావాడు ఆ సీజనంతా నిలబడే వాయించాడు. పై స్వరాలు ఇంత బాగా ఎన్నడూ పలకలేదని పత్రికలు మెచ్చుకున్నాయి. పెయింటరు చప్పట్లకి వంగి దణ్ణం పెట్టబోతే వెనకనించి చర్రుమని చప్పుడొచ్చింది. పాపం, దణ్ణం మధ్యలోనే ఆపి గోడకి ఆనుకుని పక్కకి పక్కకి జరుగుతూ వెళ్ళిపోయాడు. ప్రాంప్టరు కాలరు ఎంత బిగిసిందంటే, ఆయనందించిన మాటలు కీచుగొంతుతో బయటికొచ్చాయి. మహావీరుడి వేషగాడు అదే గొంతుతో యుద్ధానికి పిలుపిచ్చాడు.

"కొలత ఎట్లా తప్పిందయ్యా?" అని మేనేజరు ప్రతిసారీ అడిగేవాడు.

"గుడ్డ ముడుచుకుందండీ."

"ఒక్కడి గుడ్డే ఎందుకు ముడుచుకుంటుంది?"

"గుడ్డ బుద్ధి ఎవరికి తెలుస్తుందండీ!"

మేనేజరు దర్జీ కళ్ళలోకి ఒకసారి పరీక్షగా చూసి వెళ్ళిపోయేవాడు. ఆ చూపులో తన పనితనం పట్ల గౌరవం ఉందని దర్జీ అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం మహారాణి గదిలోకొచ్చింది. అలవాటు ప్రకారం అద్దం ముందుకి వెళ్ళలేదు. బట్టల మూటమీద కూర్చుంది. నిట్టూర్చింది. మెట్ల ఆయాసం కాదది, అసలు సరుకు.

"దర్జీ, నేను మళ్ళీ ప్రేమలో పడ్డానయ్యా."

దర్జీ కత్తెర కింద పెట్టి టేపు చేతిలోకి తీసుకున్నాడు. "ఈసారి ఎవరండీ? నడుం ఎంత ఉంటుంది?"

"నువ్వే."

టేపుకి గుచ్చి ఉన్న సూది వేల్లో దిగింది. దర్జీకి తెలియలేదు. కుట్టుమిషను తొక్కకుండానే గుండెలో అది తిరుగుతున్నట్టుంది. "నేనా అండీ?" అన్నాడు. "నేనేనా అండీ?" అని మళ్ళీ అన్నాడు. ఇన్నేళ్ళ రిహార్సల్స్ విన్నవాడికి, తన వంతొచ్చేసరికి ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ రాలేదు.

ఆ వారంలోనే తనకో కోటు కుట్టుకున్నాడు. అతని చేతిమీదుగా ఒక ప్రేమికుడికి సరిగ్గా అతికిన మొదటి కోటు అదే. వేసుకుని నడవాలో నడిచాడు. అందరూ కుళ్ళుకోవాలి కదా మరి, కుళ్ళుకోలేదు. టిక్కెట్లమ్మే ఆయన లేచి నిలబడి చెయ్యి పట్టుకుని, "అన్నీ సర్దుకుంటాయిలే" అన్నాడు. లైట్లు వేసేవాడు అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. కాంటీన్లో పాత ప్రేమికులు ముగ్గురూ ఒకే బల్లమీద కూర్చునేవారు. బాకావాడు లేచొచ్చి దర్జీని కావలించుకున్నాడు.

"ధైర్యంగా ఉండు బావా!"

"బావేమిటి, ధైర్యమేమిటి? నేను హాయిగా ఉన్నాను."

"మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. నీకు పోయిందేమిటి?"

"నాకా? ఏం పోలేదే!"

"అందరికీ ఏదో ఒకటి పోతుందయ్యా. నాకు పళ్ళు పోయాయి, ఈయనకి చేతి పట్టు పోయింది, ఆయనకి చెవులు."

"ఏంటి?" అన్నాడు ప్రాంప్టరు.

అప్పుడు చెప్పారు, ఆ థియేటర్లో దర్జీకి తప్ప అందరికీ తెలిసిన సంగతి. మేనేజరు ఎవరిని ఇంటికి పంపించాలని నిశ్చయించుకుంటాడో, మహారాణి సరిగ్గా వాడినే ప్రేమిస్తుంది. 'ఆయన లేని చోట నాకు ఊపిరాడదు, రేపటినుంచి వేదిక ఎక్కను' అని మేనేజరు గదిముందు కూలబడుతుంది. ఆవిడ ఎక్కకపోతే హాల్లో కుర్చీలు తప్ప ప్రేక్షకులుండరు. మేనేజరు నోటిదాకా వచ్చిన మాట మింగేస్తాడు. సీజను తిరిగేసరికి వాడి ఉద్యోగం మళ్ళీ వేళ్ళూనుకుంటుంది, అప్పుడు ఆవిడ ఎడమ కన్ను తుడుచుకుని సెలవు తీసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఇదంతా దర్జీ కళ్ళముందే జరిగింది. అతను ప్యాంట్లు బిగించడంలో మునిగిపోయి చూడలేదు.

కోటు గుండీలు పెట్టుకుంటూ, తీసుకుంటూ దర్జీ ఆవిడ మేకప్ గదిలోకి వెళ్ళాడు.

"నామీద జాలి పడుతున్నారా మీరు?"

"కూర్చో. కోటు బాగుంది."

"కోటు మాట తర్వాత! జాలి పడితే మేనేజరుతో ఒక మాట చెప్పచ్చు కదా. ప్రేమని ఎందుకు చెప్పాలండీ?"

"జాలిపడి అడిగితే మేనేజరు కుదరదంటాడు. ప్రేమంటే భయపడతాడు. ఇంకోటి, జాలి చూపిస్తే మగాడు మంచమెక్కుతాడయ్యా. ప్రేమంటే ఇదిగో, కోటు కుట్టించుకుంటాడు."

దర్జీ కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు నేలమీద ఉన్నాయి.

"మరి ఇన్నేళ్ళూ నేనెందుకు లేనండీ అందులో?"

"నీ ఉద్యోగం నిక్షేపంగా ఉండేది కదయ్యా!"

"ఇప్పుడేమొచ్చింది దానికి?"

మహారాణి కుర్చీ దగ్గరికి జరిపి, రోగికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "నీకు చూపు మందగించిందని మేనేజరుకి తెలిసిపోయింది. కొలతలన్నీ తప్పుతున్నాయట. బట్టలు అద్దెకి తెచ్చుకుని, నీ గదిలో పాత కుర్చీలు పడేస్తాడట."

"నాకు చూపు మందగించిందా!" దర్జీ లేచి నిలబడ్డాడు. "అదిగో, ఆ గోడమీది పాత పోస్టర్లో అడుగున అచ్చేసినవాడి అడ్రసు చదవమంటారా? మీ కనుబొమ్మల్లో తెల్లవి ఎన్నున్నాయో చెప్పమంటారా?"

"వద్దు, వద్దు. మరి ఆ ప్యాంట్లు?"

దర్జీ కోటు చేతిమీద మడతపెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ నేను ప్రేమించినవాళ్ళవే..." అంటూ మహారాణి ఆగింది. ఒక్కొక్కరినీ తలచుకుంది. బాకావాడు నిలబడటం, పెయింటరు గోడవెంట జరగడం. "ఒరేయ్ దుర్మార్గుడా! నీ చూపు పోయిందనుకుని ప్రేమించానే నేను!"

ఆవిడ పగలబడి నవ్వింది, అది రిహార్సల్ చేసిన నవ్వు కాదు. రాణులు అట్లా నవ్వరు. దగ్గొచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది. దర్జీకి చచ్చేంత సిగ్గేసింది. ఇంత బాగా నవ్వించినవాడు ఆ ముగ్గురిలో ఎవడైనా ఉన్నాడా అని, ఆ సిగ్గులోనే కాస్త కుళ్ళు కూడా కలిసింది.

"అయితే పని తేలికే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రేపు మేనేజరు నిన్ను పిలుస్తాడు. సూదీ దారం ఇచ్చి ఎక్కించమంటాడు. టక్కున ఎక్కించెయ్. చూపు శుభ్రంగా ఉందని తెలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది. ఇక నా ప్రేమతో నీకు పని లేదు."

ఆ చివరి మాట దర్జీని ఇంటిదాకా వెంటాడింది. ఆ రోజు అన్నం నిజంగానే చల్లారిపోయింది.

మర్నాడు మేనేజరు బల్లమీద సూదీ దారం పెట్టాడు. కళ్ళు మూసుకున్నా దర్జీకి అది ఒక్క క్షణం పని. సూది తీసుకున్నాడు. తలుపు దగ్గర మహారాణి నిలబడి ఉంది. ఎక్కించేస్తాడులే అన్న ధీమాతో ఏడుపుకి అవసరమైన చేతిరుమాలు కూడా తెచ్చుకోలేదు. దారం కొన సూది బెజ్జం దగ్గరికి వెళ్ళింది. ఎక్కిస్తే గది దక్కుతుంది, అద్దం దక్కుతుంది, రేపటినుంచి మళ్ళీ ఇంకెవడికోసమో చేసే నిట్టూర్పు విని "బాగుందండీ" అనే ఉద్యోగమూ దక్కుతుంది.

దారం బెజ్జం పక్కనించి వెళ్ళిపోయింది. రెండోసారి ఇంకొంచెం దూరంనించి వెళ్ళింది. మూడోసారి మేనేజరు చొక్కా గుండీకి తగిలింది.

"చూశారా, పాపం!" అన్నాడు మేనేజరు.

తలుపు దగ్గరనించి మహారాణి సూదివంకా, దర్జీ మొహంవంకా చూసింది. ఆ తర్వాత చేతిరుమాలు లేకుండానే మొదలుపెట్టింది. "ఈ కళ్ళే కదయ్యా నన్ను రాణిని చేశాయి! ఇవి లేని థియేటర్లో నేను కాలు పెట్టను, పెట్టను, పెట్టను!" మూడో 'పెట్టను'కి కింద టిక్కెట్ల వరుసలో జనం చప్పట్లు కొట్టారు. మేనేజరు సూది తీసి సొరుగులో పడేసి, దర్జీని పనిలోకి వెళ్ళమన్నాడు.

నడవాలో ఆవిడ దర్జీ మోచెయ్యి పట్టుకుంది. "ఏం చేశావయ్యా నువ్వు?"

"చూపు పోయిందండీ."

"ఎప్పట్నించి?"

"ఇందాకట్నించేనండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"రాదండీ. ఇలాంటివి రావు."

మహారాణి నడుస్తూనే అతని చేతివంక చూసింది. "చెయ్యి మరీ అంత వణికించకూడదు," అంది. "వెనక వరుసవాళ్ళకి కూడా అబద్ధమని తెలిసిపోతుంది. సాయంత్రం అద్దం దగ్గర నేర్పిస్తాలే." మోచెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత ఆ థియేటర్లో ఎవరి ఉద్యోగమూ ఊడకూడదని దర్జీ కోరుకున్నంతగా కార్మిక సంఘం కూడా కోరుకోలేదు. విగ్గులు చేసే ఆయన ఒక రోజు ఆలస్యంగా వస్తే, మేనేజరుకి తెలియకముందే ఇతను వెళ్ళి విగ్గులన్నీ దువ్వి పెట్టాడు. కొత్త ఫ్లూటువాడు దగ్గితే మందు కొనిచ్చాడు. మహారాణి వాళ్ళలో ఎవరివైపైనా కాస్త ఎక్కువసేపు చూస్తే వెంటనే గోడకి గుద్దుకునేవాడు. పోయిన చూపు గుర్తు చెయ్యడానికి.

ఆ గుద్దుకోవడం చూడలేక మేనేజరు కళ్ళజోడు చేయించుకోమన్నాడు, ఖరీదులో సగం థియేటరు ఇస్తుందన్నాడు. దర్జీ పవరు లేని మామూలు అద్దాలు పెట్టించుకుని, బంగారు రంగు ఫ్రేము ఎంచుకున్నాడు. థియేటరు తన సగం ఇచ్చేసింది. మిగిలిన సగం కళ్ళజోళ్ళ షాపువాడికి దర్జీ ఇంకా బాకీ ఉన్నాడు.